ఆరో ముడి

సూరమ్మగారు మొదటిసారి మా గ్రంథాలయంలోకి వచ్చింది వాన తప్పించుకోవడానికి. మనవరాలు సాయిదుర్గ అప్పటికే లోపల కూర్చుని బొమ్మల పుస్తకం తిరగేస్తోంది. ఆవిడ ఖాళీ చేపల బుట్టని బయట గోడవారగా పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళెక్కడున్నాయని అడిగారు. మోకాళ్ళ దాకా వానలో తడిసి వచ్చిన మనిషి మళ్ళీ కాళ్ళు కడుక్కోవడమేమిటని నాకు నవ్వొచ్చింది.

"వాన నీళ్ళు వేరండి, కడుక్కున్న నీళ్ళు వేరండి. చదువుండే చోటు కదా," అన్నారావిడ.

మాది అమలాపురం నుంచి ఓడలరేవు వెళ్ళే దారిలో ఉన్న చిన్న శాఖా గ్రంథాలయం. రెండు గదులు, ఆరు ఇనుప బీరువాలు, ఒక పొడుగాటి బల్ల. నేను అక్కడ ఔట్‌సోర్సింగ్‌లో పనిచేస్తున్నాను. ఇన్‌చార్జి లైబ్రేరియన్ భవానీదేవిగారికి ఇంకో రెండు ఊళ్ళు కూడా అప్పజెప్పడంతో మా దగ్గరికి వారానికి రెండు రోజులే వచ్చేవారు. మిగతా రోజుల్లో తాళంచెవులు నా దగ్గరే ఉండేవి.

శనివారం సాయంత్రం పిల్లలకి కథలు చదివి వినిపించాలని, పిల్లలతో పాటు ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరైనా వచ్చి కూర్చోవాలని పైనుంచి చెప్పారు. పెద్దవాళ్ళు వచ్చేవారు కాదు. పిల్లలు ఏడెనిమిది మంది వచ్చి చాపల మీద కూర్చునేవారు. నేను పుస్తకం తెరిచి చదివేదాన్ని. రెండో పేజీకి ఒకడు చాప పుల్లలు పీకడం మొదలుపెట్టేవాడు. నాలుగో పేజీకి ఇద్దరు మంచినీళ్ళకి లేచేవారు. నా గొంతు నాకే నిద్ర తెప్పించేది.

ఆ వాన రోజు కూడా అలాగే చదివాను. అయిపోయాక సాయిదుర్గ నా దగ్గరకొచ్చి, "మా మామ్మకి దీనికంటే పెద్దవి వచ్చండి," అంది.

"ఊరుకోవే," అన్నారు సూరమ్మగారు. "నాకు అక్షరమ్ముక్క రాదండి. దీని మాటలు పట్టించుకోకండి."

"చదవక్కర్లేదు మామ్మగారూ. చెప్పండి చాలు."

"ఇక్కడాండి? ఇన్ని పుస్తకాల మధ్యనా?"

ఆవిడ బీరువాల వంక చూశారు. అక్కడ ఎవరో పెద్దమనుషులు కూర్చుని ఉన్నట్టు చీర చెంగు సర్దుకున్నారు. తర్వాత శనివారం బేరం తొందరగా ముగించుకుని, కాళ్ళు కడుక్కుని వచ్చి చాప అంచున కూర్చున్నారు.

ఆవిడ మొదలుపెట్టిన కథ ఇది. ఉప్పుటేటి గట్టున ఒక జాలరి ఉన్నాడు. ఒకరోజు సముద్రం అతని వల లాక్కుపోయింది. వల లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. కూతురు లేచి, "నేను వెళ్ళి అడిగి తెస్తాను," అంది. తల్లి ఆ పిల్ల కొంగుకి ఏడు ముడులు వేసి, దారిలో ఎవరైనా అడ్డుపడితే ఒక్కో ముడి విప్పమంది. ఏ ముడిలో ఏముందో పిల్లకి తెలీదు. మొదటి ముడిలో గుప్పెడు నూకలున్నాయి, పీతకి పెట్టింది. రెండో ముడిలో చింతగింజ ఉంది. మూడో ముడిలో తల్లి వెంట్రుక ఒకటి ఉంది, దానితో కొంగ విరిగిన కాలికి కట్టు కట్టింది.

శనివారానికి ఒక ముడి చొప్పున విప్పేవారు సూరమ్మగారు. ఒక్క ముడికి ముప్పావుగంట పట్టేది.

అంతసేపు ఎలా పట్టేదో నేను పక్కనే కూర్చుని చూశాను. ఆవిడ ఒక మాట చెప్పి ఆగేవారు. పిల్లలు "ఊఁ" అనేవారు. అప్పుడు తర్వాతి మాట. ఊఁ గట్టిగా వస్తే కథ పరుగెత్తేది. నీరసంగా వస్తే ఆవిడ ఒక అడుగు వెనక్కి వెళ్ళి, అదే సంగతిని ఇంకో వైపు నుంచి, ఇంకొంచెం గాలి, ఇంకొంచెం కెరటం కలిపి చెప్పేవారు. ఎవడైనా ఊ కొట్టడం మానేస్తే, "ఏరా తేజా, పడవ దిగిపోయేవా? నిన్నొదిలేసి వెళ్ళిపోమంటావా?" అనేవారు. తేజ ఉలిక్కిపడి "ఊఁ! ఊఁ!" అని రెండుసార్లు అనేవాడు, బాకీ తీర్చినట్టు. అందరూ నవ్వేవారు. మూడో శనివారానికి పిల్లలు ఇరవై మంది అయ్యారు. నలుగురు తల్లులు గుమ్మం దగ్గర నిలబడి విన్నారు. తర్వాతి వారం వాళ్ళూ లోపలికొచ్చి కూర్చున్నారు.

నాకున్న బెంగల్లా సుబ్రహ్మణ్యేశ్వరరావు మాస్టారి గురించి. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. రోజూ సాయంత్రం నాలుగింటికి వచ్చి, బల్ల చివర కుర్చీలో కూర్చుని పేపరు చదువుతారు. మొదటి శనివారం పేపరు మీద నుంచి చూసి, "ఏమ్మా తులసీ, ఇది లైబ్రరీయా, అంబాజీపేట సంతా?" అన్నారు. ఆయన తలకి పైన గోడకి 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు ఉంది. అప్పటి నుంచి ప్రతి శనివారం ఆయన కాయితం ఎత్తి పట్టుకుని దాని వెనకాల ఉండిపోయేవారు. కోపంగా ఉన్నారనుకునేదాన్ని.

నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయి. ప్రతి శాఖా పిల్లల కార్యక్రమాన్ని పది నిమిషాలు వీడియో తీసి పంపాలన్నారు. బాగున్నవి అమలాపురంలో సభలో చూపిస్తారు. సూరమ్మగారు ఐదో ముడి చెబుతున్న రోజు నేను నా ఫోనులో తీసి భవానీదేవిగారికి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని రెండు నిమిషాలు చూశారు.

"ఇదేంటమ్మా ఈ ఊఁ ఊఁ? గేదెల పాకలో కూచున్నట్టుంది."

"పిల్లలు ఊ కొడుతున్నారండి."

"కొడితే కొట్టేరు, ఆవిడ మాటొక్కటీ వినపడట్లేదు. చూసినవాళ్ళు ఏమంటారు? లైబ్రరీలో క్రమశిక్షణ లేదంటారు. వచ్చే శనివారం పిల్లల్ని కాస్త కుదురుగా కూచోబెట్టి తియ్యి."

"ఆయ్, అలాగేనండి," అన్నాను.

ఆవిడని తప్పుపట్టను. ఆవిడ ఒక్క శనివారం కూడా ఆ చాప మీద కూర్చోలేదు. నేను కూర్చున్నాను. ఊఁ అనేది ఆ కథలో ఏం పని చేస్తుందో ఐదు వారాలు చూశాను. అయినా భవానీదేవిగారి మాట నాకు సబబుగానే అనిపించింది. చిన్నప్పుడు మా ఊరి బళ్ళో తనిఖీకి ఎవరైనా వస్తే, మేము నోటి మీద వేలు పెట్టుకుని బొమ్మల్లా కూర్చునేవాళ్ళం. చప్పుడు చెయ్యనివాళ్ళే మంచి పిల్లలు. పదేళ్ళపాటు మా తరగతిలో అందరికంటే మంచి పిల్లని నేనే.

ఆ శనివారం పిల్లల్ని ముందే రమ్మన్నాను. "ఈరోజు వీడియో తీస్తున్నాం. మామ్మగారు కథ చెబుతున్నంతసేపూ ఎవ్వరూ నోరు విప్పకూడదు. ఊఁ కూడా అనకూడదు. వేళ్ళు నోటి మీద పెట్టుకోండి," అన్నాను. ఒకసారి పెట్టించి చూశాను. ఇరవై మందీ పెట్టుకున్నారు.

సూరమ్మగారు వచ్చారు. ఉతికిన నీలం చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చారు. ఫోను నిలబెట్టడానికి నేను పుస్తకాల దొంతర సర్దుతుంటే చూసి నవ్వారు.

"నా మొహం అమలాపురంలో చూపిస్తారంటండి? ఏభై ఏళ్ళు బుట్టెత్తుకుని ఆ వీధులన్నీ తిరిగేను. అందరూ చేపల వంకే చూసేరు గానీ నా వంక చూసినోడు లేడండి."

"ఇప్పుడు చూస్తారు మామ్మగారూ," అన్నాను.

పిల్లలకి ఏం చెప్పానో ఆవిడకి చెప్పలేదు. చెప్పాలని తట్టలేదు. నాకు సంబంధించినంతవరకు అది పిల్లలకి చెప్పాల్సిన సంగతి, అంతే.

ఫోను నొక్కి, మొదలుపెట్టమని చెయ్యి ఊపాను.

"ఆరో ముడి దగ్గరికొచ్చేం కదా," అన్నారు సూరమ్మగారు. ఆగారు.

ఏ చప్పుడూ లేదు.

"ఆరో ముడి దగ్గరికి వచ్చేసరికి చీకటి పడిపోయిందంట."

మళ్ళీ ఆగారు. చాప మీద ఇరవై మంది, నోళ్ళ మీద ఇరవై వేళ్ళు. ఆవిడ ఒక్కొక్కళ్ళనే చూశారు. తేజని చూశారు. వాడు కళ్ళు దించుకున్నాడు. ఆవిడ నా వైపు తిరిగారు. నేను ఫోను వెనకాల నుంచి, కానివ్వండి కానివ్వండి అని చెయ్యి తిప్పాను.

"చీకటి పడిపోయిందంట. కెరటం... కెరటం నల్లగా ఉందంట."

ఒక మాట చెప్పి ఆగడం, చెవి కొంచెం పక్కకి వంచడం, రాని దాని కోసం చూడడం. అదే మాట మళ్ళీ చెప్పడం. మూడోసారి కూడా "చీకటి పడిపోయిందంట" అన్నప్పుడు ఆవిడ గొంతు సన్నగిల్లింది. చీకట్లో ఉన్నది ఆ పిల్ల కాదు, తనేనన్నట్టు వినిపించింది.

అప్పుడు ముందు వరసలో సాయిదుర్గ వేలు తీసింది. నోరు తెరిచి "ఊ..." అంది. సగమే అంది. నేను కళ్ళెర్రజేసి చూశాను. ఆ పిల్ల నోరు మూసుకుని వేలు మళ్ళీ పెట్టుకుంది. వేలి మీదుగా మామ్మనే చూస్తూ కూర్చుంది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సూరమ్మగారు కాసేపు తన అరచేతులు చూసుకున్నారు. "గుర్తు రావట్లేదండి," అన్నారు.

"పర్లేదు మామ్మగారూ. కంగారుపడ్డారు. మంచినీళ్ళు తాగండి."

"కంగారు కాదండి. ఎక్కడికెళ్ళిందో తెలీట్లేదండి."

పెద్దవయసు, పైగా కెమెరా, అనుకున్నాను. ఆవిడ నీళ్ళు తాగి గోడవారగా జరిగి కూర్చున్నారు. నేను ఒక పుస్తకం తీసి చదివాను. ఎవ్వరూ కదల్లేదు. పది నిమిషాల వీడియో ఒక్క దగ్గు లేకుండా వచ్చింది. వెళ్ళేటప్పుడు సూరమ్మగారు నా దగ్గరకొచ్చి, "మీ పని పాడుచేసేనేమోనండి," అన్నారు.

"అయ్యో, లేదండి. వచ్చే వారం చెబుదురుగాని."

"ఆయ్, వస్తానండి."

ఆ వీడియోని అమలాపురం సభలో చూపించారు. పిల్లలు ఎంత శ్రద్ధగా వింటున్నారో చూడండని వేదిక మీద ఒకాయన అన్నారట. భవానీదేవిగారు ఫోను చేసి మెచ్చుకున్నారు. మాకు ఒక ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని అటకకింద గోడకి తగిలించాను.

తర్వాత శనివారం సూరమ్మగారు రాలేదు. జలుబు చేసిందని సాయిదుర్గ చెప్పింది. ఆ పై వారం చుట్టాలొచ్చారంది. నేను పుస్తకాలు చదువుతున్నాను. తల్లులు మళ్ళీ గుమ్మం దగ్గర నిలబడ్డారు, ఆ తర్వాత రావడం మానేశారు. పిల్లలు పన్నెండు మంది అయ్యారు. ఒకసారి నేను చదువుతుంటే ఒక పిల్ల అలవాటుకొద్దీ "ఊఁ" అని, వెంటనే నోరు నొక్కేసుకుంది. దానికి నేనేదో అనాల్సింది. పేజీ తిప్పాను.

ఆ రోజు పిల్లలు వెళ్ళిపోయాక సుబ్రహ్మణ్యేశ్వరరావు మాస్టారు పేపరు మడిచి బల్ల మీద పెట్టారు.

"మొత్తానికి లైబ్రరీ లైబ్రరీలా అయిపోయిందమ్మా."

"ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి మాస్టారూ. ఇకనుంచి అంత గోల ఉండదులెండి."

"ఎవరికి ఇబ్బంది? నాకా?" అన్నారాయన. "ఐదు వారాలు ఒకే పేజీ పట్టుకుని కూచున్నాను. తిరగేస్తే చప్పుడవుతుందని. నువ్వు చూళ్ళేదా?"



"మరి సంత అన్నారు కదండీ."

"సంత అంటే తిట్టా? సంతకెళ్తే నాలుగు రకాలు దొరుకుతాయని. కాయితం వెనకాల నేనూ ఊ కొట్టేనమ్మా, చిన్నగా. ఆ రోజు నువ్వు పిల్లలకి చెబుతుంటే నీకు భయపడి నేనూ నోరు మూసుకున్నాను. డెబ్బై రెండేళ్ళ వెధవని, నాకేం రోగం? ఒక్కసారి అనుంటే ఆవిడ కథ లేచి కూచునేది."

"ఆవిడ మర్చిపోయేనన్నారండి."

"ఊ కొట్టకపోతే ఎవరు చెబుతారమ్మా? అది పుస్తకమా, ఎవరూ వినకపోయినా తన పాటికి తను ముందుకెళ్ళడానికి? అవతలివాళ్ళు ఊఁ అంటేనే తర్వాతి మాట వస్తుంది. అనలేదంటే వాళ్ళకి వద్దని. వద్దన్నవాళ్ళ ముందు కూచుని ఎవరు చెప్పగలరు?"

ఆయన వెళ్ళిపోయాక ఫోనులో వీడియో మొదటి ముక్క తీసి చూశాను. నేను పంపకుండా కోసేసిన ముక్క. సూరమ్మగారు ఒక మాట చెప్పి, చెవి వంచి ఆగుతారు. ఎవరూ పలకరు. మళ్ళీ చెబుతారు. ఆవిడ మర్చిపోలేదు. మేము వద్దంటున్నామనుకుని ఆగిపోయారు. చివర్లో "ఊ..." అన్న సాయిదుర్గ గొంతు, ఆ వెంటనే దాన్ని తెంపేసిన నిశ్శబ్దం.

మర్నాడు మధ్యాహ్నం సూరమ్మగారి ఇంటికి వెళ్ళాను. సరుగుడు తోటలు దాటాక ఇసకలో నాలుగిళ్ళ వరస, ముందు వెదురు తడికల మీద ఎండబెట్టిన చేపలు. ఆవిడ కాకుల్ని తోలుతూ నీడలో కూర్చున్నారు. నన్ను చూసి గబగబా లేచి, లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేశారు. తను మాత్రం కూర్చోలేదు.

"మీరు కబురంపితే నేనే వచ్చేదాన్ని కదండీ. ఎండలో వచ్చేరు. మజ్జిగ తాగుతారా?"

"మామ్మగారూ, ఆ రోజు పిల్లల్ని ఊ కొట్టొద్దన్నది నేనండి. మీకు చెప్పలేదు. నాదే తప్పు. మీ కథ పిల్లలకి కావాలి."

"అయ్యో, తప్పేంటండి? మీ లైబ్రరీ పద్ధతి అది. బోర్డు కూడా ఉందంట కదా, మాట్లాడకూడదని. సాయిదుర్గ చదివి చెప్పింది. నాకు చదువు రాక తెలీలేదు గానీ, తెలిస్తే అన్ని వారాలు గోల చేసేదాన్నా? మీరు మంచోరు కాబట్టి ఊరుకున్నారండి. ఇంకోరైతే ముందే గెంటేద్దురు."

"అలా కాదండి..."

"మీకేం మాట రాలేదు కదండీ నా వల్ల? అదే బెంగగా ఉంది నాకు."

ఆవిడ నిజంగానే అడుగుతున్నారు. ఎత్తిపొడుపు లేదు. తిట్టినా బాగుండుననిపించింది.

"రండి మామ్మగారూ, వచ్చే శనివారం. ఎంత గోలైనా పర్లేదు. ఆరో ముడి దగ్గర ఆగిపోయింది."

"అదాండి?" అన్నారావిడ. తడిక మీద చేప ఒకటి తిరగేశారు. "ఆరో ముడి, ఏడో ముడి కలిపి విప్పేసిందండి. వల దొరికేసింది. ఇంటికొచ్చేసింది. అంతేనండి కథ."

నేను ఊఁ అన్నాను. ఇంకో మాట వస్తుందేమోనని మళ్ళీ అన్నాను.

"అయిపోయిందండి," అన్నారు సూరమ్మగారు నెమ్మదిగా. "పిల్లలకి చెప్పేయండి, పాపం ఎదురుచూస్తా ఉంటారు."

మజ్జిగ తాగాను. వచ్చే శనివారం తప్పకుండా రమ్మని మళ్ళీ అడిగాను. "ఆయ్, వస్తానండి," అన్నారు. రారని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకీ తెలుసు.

రోడ్డు దాకా సాయిదుర్గ నాతో నడిచింది. ఆటో కోసం నిలబడ్డాం.

"ఏడు ముడులకి ఏడు వారాలని చెప్పేది మామ్మ," అంది ఆ పిల్ల.

"నీకు చెప్పిందా మిగతాది?"

తల ఊపింది. "నిన్న రాత్రి ఆరోది చెప్పింది. చాలాసేపు చెప్పింది. నేను ఊ కొట్టేను."

"అందులో ఏముంది?"

చెప్పడానికి నోరు తెరిచింది. ఇంటి వైపు వెనక్కి తిరిగి చూసింది. "లైబ్రరీలో చెప్పొద్దందండి మామ్మ. మీకు పైనుంచి మాటొస్తుందంట."

"ఇది లైబ్రరీ కాదు కదమ్మా."

"మీరు లైబ్రరీ కదండీ," అంది.

ఆటో వచ్చింది. ఎక్కాను.

శనివారం చాపలు పరిచాను. పదకొండు మంది వచ్చారు. మాస్టారు పేపరు తెరవకుండా కుర్చీ కాస్త ఇటు జరుపుకుని కూర్చున్నారు. సాయిదుర్గ కూడా వచ్చింది, బీరువా పక్కన కూర్చుని బొమ్మల పుస్తకం తెరుచుకుంది. నేను పిల్లలకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ రోజు ఊ కొట్టొద్దనడం నా తప్పని, సూరమ్మగారు ఇక రారని, ఆరో ముడి ఏడో ముడి కలిపి విప్పిందని, వల దొరికిందని.

"కలిపెలా విప్పుతారండి?" అన్నాడు తేజ. "ఒక్కోచోట ఒక్కోటి కదా విప్పాలి? మరి వల ఎక్కడ దొరికిందండి?"

"నాకు తెలీదు."

"మీరు అడగలేదా?"

"అడగలేదు," అన్నాను.

సాయిదుర్గ తల ఎత్తి వాడి వంక, నా వంక చూసింది. ఆ పిల్లకి తెలుసు. మళ్ళీ పుస్తకంలోకి తల వంచుకుంది.